వైరు పీకినా పడిపోని డ్రైవర్: లినక్స్‌లో యూఎస్‌బీ డ్రైవర్ రాయడం, తప్పులు పట్టడం

యూఎస్‌బీ డ్రైవర్ (పరికరంతో కంప్యూటర్ మాట్లాడేలా చేసే ప్రోగ్రామ్) రాయడం నేర్పే పాఠాలు చాలావరకు పరికరం పెట్టగానే లాగ్‌లో "హలో" అని ఒక వరుస రావడంతో ఆగిపోతాయి. ఆ వరుస రప్పించడం పెద్ద పని కాదు. డేటా వస్తుండగా ఎవరో వైరు పీకుతారు, కరెంటు పోయి హబ్ చచ్చిపోతుంది, ల్యాప్‌టాప్ మూత వేసి మళ్లీ తెరుస్తారు. డ్రైవర్ అసలు రంగు అప్పుడు బయటపడుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో పరికరం పెట్టడం గురించి తక్కువగా, పీకడం గురించి ఎక్కువగా రాస్తున్నాను.

ఉదాహరణ మన వరంగల్‌దే తీసుకుందాం. ఎనుమాముల మార్కెట్ యార్డులో పత్తి సీజన్ వచ్చిందంటే అందరి కళ్లూ తేమ మిషన్ అంకె మీదే ఉంటాయి. తేమ 12 శాతం దాటితే సీసీఐ (భారత పత్తి సంస్థ) కొనదు, 8 దాటితే ధరలో కోత పడుతుంది. అలాంటి మీటర్ ఒకటి చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుతో మనమే తయారుచేసి, యూఎస్‌బీ ద్వారా లినక్స్ కంప్యూటర్‌కు కలిపామనుకోండి. దానికి డ్రైవర్ కావాలి. పరికరం నంబర్ 1209:0001 అనుకుందాం. ఇది ఓపెన్ సోర్స్ బోర్డుల ప్రయోగాల కోసం వదిలిన నంబర్. గదిలో ప్రయోగానికి పనికొస్తుంది గానీ పదిమందికి ఇచ్చే పరికరంలో వాడకూడదు.

ఆదేశాలు, ఫంక్షన్ పేర్లు ఇక్కడ తెలుగు లిపిలోనే ఉంటాయి. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో, అండర్‌స్కోర్లు ఉన్నవి ఉన్నట్టే కొట్టండి.

అసలు కెర్నెల్ డ్రైవర్ కావాలా?

చాలాసార్లు అక్కర్లేదు. ఇంజినీరింగ్ ప్రాజెక్టు అనగానే పిల్లలు నేరుగా కెర్నెల్ (లినక్స్ గుండెకాయ లాంటి లోపలి ప్రోగ్రామ్) మీద పడతారు, మార్కులకు అది గొప్పగా కనిపిస్తుందని. బోర్డు లోపల నడిచే ప్రోగ్రామ్ (ఫర్మ్‌వేర్) మన చేతిలోనే ఉంటే దాన్ని సీరియల్ పోర్టులా కనిపించేలా రాయండి. లినక్స్‌లో అందుకు సీడీసీ-ఏసీఎం డ్రైవర్ ముందే ఉంది, టీటీవైఏసీఎం0 అనే ఫైల్ దానంతటదే వస్తుంది. కీబోర్డు లాంటి చిన్న పరికరమైతే హెచ్ఐడీగా చూపించండి. ఈ రెండూ కుదరకపోయినా లిబ్‌యూఎస్‌బీ ఉంది. దాంతో మామూలు ప్రోగ్రామ్ నుంచే పరికరంతో మాట్లాడవచ్చు, తప్పు జరిగితే ఆ ప్రోగ్రామ్ ఒక్కటే చస్తుంది, మిషన్ మొత్తం కాదు.

కెర్నెల్ డ్రైవర్ తప్పనిసరి అయ్యేది ఆ పరికరం కెర్నెల్‌లోని ఏదో ఒక వ్యవస్థలో భాగం కావాల్సి వచ్చినప్పుడు: నెట్‌వర్క్ కార్డు, సౌండ్, కెమెరా, డిస్కు, సెన్సర్ వ్యవస్థ లాంటివి. మన తేమ మీటర్‌కు నిజానికి లిబ్‌యూఎస్‌బీ చాలు. నేర్చుకోవడానికి చిన్న పరికరమే మంచిదని దీన్ని తీసుకున్నాను.

సామాను సర్దుకోవడం

ఉబుంటు, డెబియన్ వాడేవాళ్లు బిల్డ్-ఎసెన్షియల్, ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్‌కు సరిపోయే లినక్స్-హెడర్స్ ప్యాకేజీ, యూఎస్‌బీయుటిల్స్ పెట్టుకుంటే చాలు. కెర్నెల్ మొత్తం కంపైల్ చేయాల్సిన పనిలేదు.

సొంత ల్యాప్‌టాప్ మీద నేరుగా ప్రయోగాలు చేయకండి. క్యూఈఎంయూలో ఒక చిన్న వర్చువల్ మిషన్ (కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్) పెట్టుకుని, ఎక్స్‌హెచ్‌సీఐ అనే యూఎస్‌బీ కంట్రోలర్ జోడించి, యూఎస్‌బీ-హోస్ట్ ఆప్షన్‌లో మన బోర్డు వెండర్ నంబర్, ప్రోడక్ట్ నంబర్ ఇస్తే ఆ బోర్డు నేరుగా లోపలి లినక్స్‌కు వెళ్తుంది. కెర్నెల్ కూలినా ఆ మిషనే కూలుతుంది, రేపు సబ్మిట్ చేయాల్సిన రికార్డు ఫైలు భద్రంగా ఉంటుంది. చేతిలో బోర్డే లేకపోయినా దారుంది: డమ్మీ_హెచ్‌సీడీ అనే మాడ్యూల్ (కెర్నెల్‌లోకి విడిగా ఎక్కించే ముక్క) ఉత్తుత్తి యూఎస్‌బీ కంట్రోలర్‌ను తయారుచేస్తుంది, జీ_జీరో దానికి ఉత్తుత్తి పరికరాన్ని తగిలిస్తుంది.

సొంత మిషన్ మీదే చేస్తామంటే సెక్యూర్ బూట్ సంగతి చూసుకోండి. అది ఆన్‌లో ఉంటే సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నెల్ లోపలికి రానివ్వదు. "కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్" అని వస్తే కోడ్‌లో తప్పు వెతుకుతూ కూర్చోవద్దు.

పరికరం తన గురించి ఏం చెప్పుకుంటోంది?

కోడ్ రాయకముందే చేయాల్సిన పని ఇది:

సుడో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ -వి -డి 1209:0001

యూఎస్‌బీ పరికరం తన వివరాలన్నీ డిస్క్రిప్టర్ల రూపంలో తానే చెప్పుకుంటుంది. డివైస్ కింద కాన్ఫిగరేషన్, దాని కింద ఇంటర్‌ఫేస్, దాని కింద ఎండ్‌పాయింట్లు, అంటే డేటా వచ్చిపోయే దారులు. లినక్స్‌లో డ్రైవర్ అంటుకునేది పరికరానికి కాదు, ఇంటర్‌ఫేస్‌కు. ఒకే వెబ్‌క్యామ్‌లో వీడియోకు ఒక డ్రైవర్, మైకుకు ఇంకో డ్రైవర్ పనిచేయడం అందుకే.

మన మీటర్‌లో చూడాల్సినవి: ఇంటర్‌ఫేస్ క్లాస్ 255, అంటే తయారీదారు సొంత పద్ధతి. బల్క్ ఇన్ ఎండ్‌పాయింట్ చిరునామా హెక్సాలో (16 ఆధారంగా రాసే అంకెల్లో) 81, గరిష్ఠ ప్యాకెట్ సైజు 64 బైట్లు. చిరునామాలో పై బిట్ 1గా ఉంటే పరికరం నుంచి కంప్యూటర్‌కు వచ్చే దారి అని అర్థం. అందుకే 01 కాకుండా 81 అయింది. మ్యాక్స్‌పవర్ కూడా చూడండి. యూఎస్‌బీ 2.0లో ఒక పరికరం 500 మిల్లీఆంపియర్ల దాకా అడగవచ్చు. బోర్డు 100 అని చెప్పి 300 లాగుతుంటే, తర్వాత వచ్చే వింత తప్పుల్లో సగం అక్కడివే.

ఇంకో టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌యూఎస్‌బీ -టి కొట్టి, ప్రస్తుతం ఆ ఇంటర్‌ఫేస్‌ను ఏ డ్రైవర్ పట్టుకుని ఉందో చూడండి. ఇక్కడ ఒక పాత గొడవ చెప్పాలి. హన్మకొండ చౌరస్తా దుకాణాల్లో దొరికే చవక బోర్డుల్లో చాలావాటి మీద సీహెచ్340 చిప్ ఉంటుంది, నంబర్ 1ఏ86:7523. ఉబుంటు 22.04లో దాన్ని పెట్టగానే టీటీవైయూఎస్‌బీ0 వచ్చి వెంటనే మాయమయ్యేది. కారణం బీఆర్‌ఎల్‌టీటీవై. చూపులేని వాళ్లు వాడే బ్రెయిలీ డిస్‌ప్లేల సాఫ్ట్‌వేర్ అది, అదే నంబర్‌తో ఉన్న చిప్‌ను తన పరికరమని లాక్కునేది. కెర్నెల్ లాగ్ చూపే డీమెసేజ్‌లో (టైప్ చేసేటప్పుడు dmesg) దాని పేరు స్పష్టంగా కనబడుతున్నా చూడకుండా కేబుళ్లు మార్చినవాళ్లు, బోర్డు తిరిగిచ్చినవాళ్లు ఎంతోమంది. వేరే కెర్నెల్ డ్రైవర్ పట్టుకుని ఉంటే ఆ డ్రైవర్ ఫోల్డర్‌లోని అన్‌బైండ్ ఫైల్‌లో ఇంటర్‌ఫేస్ పేరు రాసి విడిపించవచ్చు. బీఆర్‌ఎల్‌టీటీవై లాంటిదాన్ని శాశ్వతంగా ఆపాలంటే యూడెవ్ (పరికరం పెట్టగానే ఏం చేయాలో నిర్ణయించే లినక్స్ సేవ) నియమం మార్చాలి.

ఎముకల గూడు

కెర్నెల్ సోర్స్‌లో డ్రైవర్స్, దాని కింద యూఎస్‌బీ ఫోల్డర్‌లో యూఎస్‌బీ-స్కెలిటన్ అనే ఫైల్ ఉంది. నెట్‌లో దొరికే పాత పాఠాల కంటే దాన్నే కాపీ చేసుకుని మొదలుపెట్టండి. పాత పాఠాలు కొత్త కెర్నెల్‌లో కంపైల్ కావు. క్లాస్_క్రియేట్ సంగతే చూడండి, 6.4 వెర్షన్ నుంచి దానికి ఇచ్చే ఆర్గ్యుమెంట్లే మారాయి.

గూడులో మూడు ఎముకలు. మొదటిది ఐడీ పట్టిక: ఏయే నంబర్ల పరికరాలు మనవో చెప్పేది. దాన్ని మాడ్యూల్_డివైస్_టేబుల్‌లో కూడా చేర్చాలి, లేకపోతే పరికరం పెట్టినప్పుడు మాడ్యూల్ తనంతట తాను లోడ్ కాదు. రెండోది ప్రోబ్: పరికరం దొరకగానే కెర్నెల్ పిలిచేది. మూడోది డిస్‌కనెక్ట్: పరికరం పోయినప్పుడు పిలిచేది. లైసెన్స్ జీపీఎల్ (కెర్నెల్ వాడే ఓపెన్ సోర్స్ లైసెన్స్) అని ప్రకటించడం మరవొద్దు, యూఎస్‌బీ కోర్ ఫంక్షన్లు జీపీఎల్ కాని మాడ్యూల్‌కు దొరకవు.

ప్రోబ్‌లో రెండు విషయాలు గుర్తుంచుకోండి. పరికరం చెప్పినదాన్ని నమ్మకండి. "ఇది నా మీటరే కదా, ఎండ్‌పాయింట్ ఉండే ఉంటుంది" అనుకోవద్దు. అదే నంబర్ పెట్టుకుని ఇంకేదో పరికరం రావచ్చు, ఫర్మ్‌వేర్ చెడిపోయిన మన బోర్డే రావచ్చు. యూఎస్‌బీ_ఫైండ్_కామన్_ఎండ్‌పాయింట్స్‌తో వెతికి, దొరక్కపోతే మర్యాదగా తప్పు కోడ్ ఇచ్చి బయటికి రండి. ఇక ప్రోగ్రామ్‌లు పరికరాన్ని చేరే ఫైల్‌ను తయారుచేసే యూఎస్‌బీ_రిజిస్టర్_డెవ్‌ను అన్నిటికంటే చివర పిలవండి. అది పిలిచిన మరుక్షణం ఏ ప్రోగ్రామైనా మన ఫైల్‌ను తెరవగలదు. అప్పటికి బఫర్ (వచ్చే డేటా ఉంచే మెమరీ) సిద్ధంగా లేకపోతే కథ అక్కడే ముగుస్తుంది.

లాగ్‌లో రాయడానికి ప్రింట్‌కే బదులు డెవ్_ఇన్ఫో, డెవ్_ఎర్ వాడండి. ఏ పోర్టులో ఉన్న పరికరమో ప్రతి వరుసలో దానంతటదే పడుతుంది. యార్డులో మూడు మీటర్లు ఒకే కంప్యూటర్‌కు ఉన్నప్పుడు దాని విలువ తెలుస్తుంది.

డేటా తెచ్చుకోవడం

మొదట యూఎస్‌బీ_బల్క్_ఎంఎస్‌జీతో మొదలుపెట్టండి. అడుగుతుంది, వచ్చేదాకా ఆగుతుంది, ఇస్తుంది. టైమ్‌అవుట్ మిల్లీసెకన్లలో ఇవ్వాలి. సున్నా ఇస్తే ఎప్పటికీ వేచి చూస్తుంది.

బఫర్‌ను కేమ్యాలాక్ (కెర్నెల్‌లో మెమరీ అడిగే ఫంక్షన్) తోనే తీసుకోండి. ఫంక్షన్ లోపల లోకల్ వేరియబుల్‌గా పెట్టిన అర్రే ఇక్కడ పనికిరాదు. కంట్రోలర్ డీఎంఏ ద్వారా, అంటే ప్రాసెసర్‌తో పనిలేకుండా, నేరుగా మెమరీలో రాస్తుంది, స్టాక్ మెమరీ దానికి తగదు. ఒక మిషన్‌లో పనిచేసి ఇంకో మిషన్‌లో పనిచేయకపోవడం ఈ తప్పు లక్షణం.

బఫర్ సైజు గరిష్ఠ ప్యాకెట్ సైజుకు గుణిజంగా ఉండాలి. మీటర్ పంపేది 8 బైట్లే కదా అని 8 బైట్లే అడిగారనుకోండి. ఏదో ఒక రోజు ఫర్మ్‌వేర్ పెద్ద ప్యాకెట్ పంపితే -75 (అడిగినదానికంటే ఎక్కువ వచ్చిందనే తప్పు కోడ్) వస్తుంది. 64 అడగండి, 8 వస్తే అది తప్పు కాదు, చిన్న ప్యాకెట్ అంతే. నిజంగా ఎన్ని వచ్చాయో చూసి, 8 కంటే తక్కువైతే పారేయండి.

మీటర్ నిరంతరం పంపుతుంటే యూఆర్‌బీ వాడాలి. యూఆర్‌బీ అంటే కంట్రోలర్‌కు ఇచ్చే పని చీటీ. పని అయ్యాక మన కంప్లీషన్ ఫంక్షన్‌ను కెర్నెల్ పిలుస్తుంది. ఆ ఫంక్షన్‌లో నిద్రపోకూడదు. మ్యూటెక్స్ (దొరికేదాకా నిద్రపోయే తాళం) పట్టకూడదు, మెమరీ కావాలంటే నిద్రపోవద్దని చెప్పే జీఎఫ్‌పీ_అటామిక్ జెండాతోనే తీసుకోవాలి, తిరిగి సబ్మిట్ చేసేటప్పుడూ అదే జెండా. కంప్లీషన్‌లో స్టేటస్ చూడకుండా మళ్లీ సబ్మిట్ చేసే డ్రైవర్లు కోకొల్లలు. వైరు పీకినప్పుడు కెర్నెల్‌కు ఆ సంగతి వెంటనే తెలియదు. హబ్ చెప్పేదాకా కాస్త సమయం పడుతుంది. ఆలోపు ప్రతి యూఆర్‌బీ -71 (తీగ మీద మాట చెడిందనే తప్పు కోడ్) తో తిరిగొస్తుంది, మనం మళ్లీ పంపుతాం, అది మళ్లీ తిరిగొస్తుంది. ఆ కాస్త సమయంలోనే లాగ్ నిండిపోతుంది. -2, -104, -108 (యూఆర్‌బీ రద్దయింది, లేదా పరికరం పోయింది) వస్తే అక్కడితో ఆపేయండి. -71, -84 లాంటివి వస్తే కొంచెం ఆగి, కొన్నిసార్లు మాత్రమే ప్రయత్నించండి.

పీకడం

యూఎస్‌బీలో పరికరం చెప్పి పోదు. ఒక ప్రోగ్రామ్ మన ఫైల్‌ను తెరిచి, రీడ్‌లో నిద్రపోతూ ఉంటుంది. అప్పుడు డిస్‌కనెక్ట్ పిలుపు వస్తుంది. అక్కడ మన డేటా నిర్మాణాన్ని కేఫ్రీతో విడిచేశారనుకోండి, నిద్రలేచిన రీడ్ పోయిన మెమరీని తడుముతుంది. ప్రతిసారీ కూలదు. కూలినప్పుడు ఎక్కడో సంబంధం లేని చోట కూలుతుంది.

స్కెలిటన్‌లో ఉన్న పద్ధతి ఇదీ. డేటా నిర్మాణంలో కేరెఫ్ లెక్క (దాన్ని ఎందరు వాడుతున్నారో చెప్పేది) పెట్టండి. ప్రోబ్ ఒకటి పట్టుకుంటుంది, ప్రతి ఓపెన్ ఇంకొకటి. డిస్‌కనెక్ట్ తన లెక్క వదులుతుంది, చివరి క్లోజ్ తనది వదులుతుంది, లెక్క సున్నా అయినప్పుడే మెమరీ విడుదల. డిస్‌కనెక్ట్‌లో వరుస కూడా ముఖ్యం. ముందు యూఎస్‌బీ_డీరిజిస్టర్_డెవ్, అంటే కొత్తవాళ్లకు తలుపు మూయడం. తర్వాత మ్యూటెక్స్ పట్టుకుని "పరికరం పోయింది" అన్న జెండా ఎత్తాలి. తర్వాత యూఎస్‌బీ_కిల్_యూఆర్‌బీ. అది నడుస్తున్న కంప్లీషన్ పూర్తయ్యేదాకా ఆగుతుంది కాబట్టి, కంప్లీషన్ పట్టుకునే స్పిన్‌లాక్‌ను (నిద్రపోకుండా ఎదురుచూసే తాళం) చేతిలో ఉంచుకుని దాన్ని పిలిస్తే ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఎదురుచూస్తూ ఉండిపోతారు. చివరగా నిద్రలో ఉన్న రీడ్‌లను లేపాలి. లేచిన ప్రతి రీడ్ జెండా చూసుకుని -19 (పరికరం లేదు) ఇవ్వాలి. డిస్‌కనెక్ట్ ముగిశాక ఆ పరికరంతో ఒక్క మాట కూడా మాట్లాడకూడదు.

ఇంతా చేశాక కూడా యార్డు నుంచి ఫోన్ ఇలాగే వస్తుంది: "అన్నా, వైరు ఊడితే మళ్ల పెట్టిన. ఇగ అంకె కదుల్త లేదు." డ్రైవర్‌ను తిట్టుకునే ముందు పైన నడిచే ప్రోగ్రామ్ చూడండి. అది పాత ఫైల్‌నే పట్టుకుని, వచ్చే -19ను మింగేస్తూ, చివరి అంకెనే చూపిస్తూ ఉంటుంది. -19 వస్తే ఫైల్ మూసి మళ్లీ తెరవాలి. తెరమీద పాత అంకె ఉంచకూడదు. ఇక్కడ పాత అంకె అంటే ముందున్న రైతు పత్తి తేమ.

కరెంటు పోవడం ఇంకో రకం పీకడం. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, అడాప్టర్ మీద నడిచే హబ్ మాత్రం ఆగుతుంది. కెర్నెల్ దృష్టిలో దాని మీదున్న పరికరాలన్నీ ఒకేసారి ఊడిపోయాయి. కరెంటు వచ్చాక అన్నీ కొత్త డివైస్ నంబర్లతో వస్తాయి, ఏది ముందొస్తుందో చెప్పలేం. అందుకే ప్రోగ్రామ్‌లో పరికరం ఫైల్ పేరు నేరుగా రాయకండి. పోర్టు దారి, ఉదాహరణకు 1-2.3, హబ్ మార్చనంతకాలం అదే ఉంటుంది. సీరియల్ నంబర్ ఉంటే మరీ మంచిది. యూడెవ్ నియమంతో దానికి స్థిరమైన పేరు పెట్టండి.

ప్రతిసారీ వైరు పీకి పరీక్షించనక్కర్లేదు. సిస్ కింద బస్, యూఎస్‌బీ, డివైసెస్ ఫోల్డర్‌లో మన పరికరానికి ఆథరైజ్డ్ అనే ఫైల్ ఉంటుంది. అందులో 0 రాస్తే డిస్‌కనెక్ట్ జరుగుతుంది, 1 రాస్తే మళ్లీ ప్రోబ్. డేటా చదివే ప్రోగ్రామ్‌ను పక్కన నడుపుతూ, దీన్ని లూప్‌లో పెట్టి రాత్రంతా వదిలేయండి. చేత్తో పీకే పరీక్షా చేయాలి, ఎందుకంటే -71లు వచ్చేది అప్పుడే.

తప్పు ఎక్కడుంది?

డీమెసేజ్ -డబ్ల్యూ ఒక టెర్మినల్‌లో ఎప్పుడూ నడుస్తూ ఉండనివ్వండి. ఎక్కువగా కనిపించే అంకెలు ఇవి. -32 అంటే పరికరం స్టాల్ చేసింది, "ఈ ఆదేశం నాకు తెలియదు" అన్నట్టు. బల్క్ ఎండ్‌పాయింట్‌లో అయితే యూఎస్‌బీ_క్లియర్_హాల్ట్ చేసేదాకా అది కదలదు. -110 అంటే సమయం దాటింది. -71, -84 అంటే తీగ మీదే మాట చెడింది.

"డివైస్ డిస్క్రిప్టర్ రీడ్/64, ఎర్రర్ -71" అని వస్తే మన డ్రైవర్ ప్రమేయం ఇంకా మొదలే కాలేదు. అది కేబుల్, పవర్ లేదా ఫర్మ్‌వేర్ పని. యూఎస్‌బీ 2.0 కేబుల్ 5 మీటర్లు దాటకూడదు. కాంటా దగ్గర నుంచి ఆఫీసు గదిదాకా చవక ఎక్స్‌టెన్షన్లు గుచ్చుకుంటూ పోతే ఇదే జరుగుతుంది. జిన్నింగ్ మిల్లుల్లో పెద్ద మోటార్లు స్టార్ట్ అయినప్పుడు ఇంకో వింత కనిపిస్తుంది: "డిసేబుల్డ్ బై హబ్ (ఈఎంఐ?), రీ-ఎనేబ్లింగ్". ఈఎంఐ అంటే ఇక్కడ బైకు లోను వాయిదా కాదు, విద్యుదయస్కాంత జోక్యం. షీల్డ్ ఉన్న చిన్న కేబుల్ వేసి, మోటారు వైర్లకు దూరంగా జరిపితే చాలావరకు పోతుంది. దీన్ని కోడ్‌లో సరిచేయాలని చూడటం దండగ.

తీగ మీద ఏం నడుస్తోందో వినడానికి యూఎస్‌బీమాన్ ఉంది. మాడ్‌ప్రోబ్‌తో దాన్ని లోడ్ చేసి, వైర్‌షార్క్‌లో యూఎస్‌బీమాన్1 లాంటి బస్సును ఎంచుకుంటే ప్రతి యూఆర్‌బీ కనిపిస్తుంది. టెర్మినల్ చాలనుకుంటే డీబగ్‌ఎఫ్‌ఎస్‌లోని యూఎస్‌బీమాన్ ఫోల్డర్‌లో 1యూ ఫైల్‌ను క్యాట్ చేయండి. మన మీటర్ వరుస ఇలా ఉంటుంది (ముందున్న యూఆర్‌బీ చిరునామా, సమయం వదిలేశాను):

ఎస్ బీఐ:1:005:1 -115 64 <
సి బీఐ:1:005:1 0 8 = 01426700 31010000

ఎస్ అంటే సబ్మిట్, సి అంటే కంప్లీషన్. బీఐ అంటే బల్క్ ఇన్, తర్వాత బస్సు, పరికరం, ఎండ్‌పాయింట్ నంబర్లు. మొదటి వరుసలో -115 తప్పు కాదు, పని నడుస్తోందని. రెండో వరుసలో స్టేటస్ 0, వచ్చినవి 8 బైట్లు. మన ఫర్మ్‌వేర్ లెక్క ప్రకారం 01 ప్యాకెట్ రకం, 42 వరుస నంబర్. తర్వాతి రెండు బైట్లు, 67 00, తేమను పదితో గుణించిన సంఖ్య. చిన్న బైటు ముందు వస్తుంది కాబట్టి హెక్సాలో 0067, అంటే 103, అంటే 10.3 శాతం. అలాగే 31 01 అంటే 305, ఉష్ణోగ్రత 30.5 డిగ్రీలు. ప్రోగ్రామ్‌లో తేమ 2636.8 అని కనబడితే బైట్లు తిరగబడ్డాయన్నమాట. ఎల్‌ఈ16_టు_సీపీయూ వాడితే ఏ ప్రాసెసర్ మీదైనా సరిగ్గా వస్తుంది. ఇక్కడ చూస్తే మీటర్ తప్పు పంపిందా, మనం తప్పు చదివామా అన్నది ఒక్క నిమిషంలో తేలిపోతుంది. ఫర్మ్‌వేర్ రాసినవాడికీ డ్రైవర్ రాసినవాడికీ మధ్య నడిచే పంచాయితీలు ఇక్కడే తెగిపోతాయి.

హోస్ట్ కంట్రోలర్ ఏం చేస్తోందో చూడాలంటే డైనమిక్ డీబగ్ కంట్రోల్ ఫైల్‌లో "మాడ్యూల్ ఎక్స్‌హెచ్‌సీఐ_హెచ్‌సీడీ +పి" అని రాయండి. వరదలా వస్తుంది, పని కాగానే -పి తో ఆపేయండి.

మెమరీ తప్పులను కళ్లతో వెతకొద్దు. వర్చువల్ మిషన్ కెర్నెల్‌ను మాత్రం ఒకసారి ఓపిగ్గా కేసాన్, లాక్‌డెప్, డీఎంఏ ఏపీఐ డీబగ్ ఆన్ చేసి కంపైల్ చేసుకోండి. విడిచిన మెమరీని ముట్టుకున్న మొదటి క్షణంలోనే కేసాన్ ఎవరు విడిచారో, ఎవరు ముట్టుకున్నారో చెబుతుంది. లాక్‌లు రివర్స్ క్రమంలో పడుతుంటే, ఇంకా ఇరుక్కోకముందే లాక్‌డెప్ అరుస్తుంది. స్టాక్ మీది బఫర్‌ను డీఎంఏ డీబగ్ పట్టేస్తుంది. ఆథరైజ్డ్ లూప్ పరీక్షను ఈ కెర్నెల్ మీదే నడపండి.

ల్యాప్‌టాప్ మూత సంగతి త్వరగా చెప్పేస్తాను. డ్రైవర్‌లో సస్పెండ్, రిజ్యూమ్ రాయకపోతే యూఎస్‌బీ కోర్ నిద్రకు ముందు డ్రైవర్‌ను విడదీసి, లేచాక మళ్లీ ప్రోబ్ చేస్తుంది. పీకడం సరిగ్గా రాసినవాళ్లకు ఇది ఉచితంగా పనిచేస్తుంది.

యార్డు కంప్యూటర్‌లో పెట్టడం

ఎక్కువమందికి పనికొచ్చే పరికరమైతే ప్యాచ్‌ను కెర్నెల్‌కే పంపండి. చెక్‌ప్యాచ్ స్క్రిప్ట్ నడిపి, గెట్_మెయింటైనర్‌తో ఎవరికి పంపాలో చూసి, సైన్డ్-ఆఫ్-బై వరుసతో మామూలు టెక్స్ట్ మెయిల్‌గా పంపాలి. యూఎస్‌బీ విభాగం చూసేది గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్. లిబ్‌యూఎస్‌బీతో అయ్యే పనికి కెర్నెల్ డ్రైవర్ ఎందుకన్న ప్రశ్నకు జవాబు సిద్ధంగా ఉంచుకోండి.

మన తేమ మీటర్ లాంటిది కెర్నెల్‌లోకి పోదు, పోనక్కర్లేదు కూడా. దానికి డీకేఎంఎస్ చాలు. సోర్స్‌ను యూఎస్‌ఆర్ కింద ఎస్‌ఆర్‌సీ ఫోల్డర్‌లో పేరు, వెర్షన్‌తో పెట్టి, డీకేఎంఎస్ డాట్ కాన్ఫ్ ఫైల్ రాసి ఇన్‌స్టాల్ చేస్తే, కెర్నెల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ మాడ్యూల్ దానంతటదే కంపైల్ అవుతుంది. లినక్స్-హెడర్స్ మెటా ప్యాకేజీ కూడా పెట్టండి. అది లేకపోతే కొత్త కెర్నెల్ వస్తుంది గానీ దాని హెడర్లు రావు, కంపైల్ ఆగిపోతుంది, తెల్లారి బండ్లు లైన్లో ఉండగా మీటర్ కనిపించదు. సీజన్ నడుస్తున్నంతకాలం ఆ కంప్యూటర్‌లో కెర్నెల్ ప్యాకేజీలను ఏపీటీ-మార్క్ హోల్డ్‌తో ఆపి ఉంచండి.